స్టార్ట్ కాని కారు

గుట్టకిందపల్లె, ముదిగుబ్బ మండలం
14 జూలై 2024

అక్క వనజాక్షికి తమ్ముడు జయచంద్ర నమస్కరించి రాస్తున్నది.

చింపి పొయ్యిలో వెయ్యకుండా ముందు ఈ నాలుగు ముక్కలు చదువు. పదకొండేళ్ల కిందట నాయన కర్మ రోజున నువ్వు ఒట్టు పెట్టుకున్నది నాతో మాట్లాడనని. రాయనని కాదు, నేను రాస్తే చదవననీ కాదు. ఈ సందు కనిపెట్టింది నేను కాదులే, నీ మేనకోడలు అర్చన. అనంతపురంలో లా చదువుతోంది కదా, మొన్న ఇంటికొచ్చినప్పుడు అంది: "నాయనా, అత్త పెట్టుకున్న ఒట్టులో ఉత్తరాల మాట యాడుండాది? రాసి చూడు." ఆ పిల్లకు ఫీజు కట్టింది ఊరికే పోలేదు.

ఇప్పుడే ఎందుకంటావా? పోయిన నెల ధర్మవరం పెళ్లిలో మనిద్దరం ఒకే బంతిలో కూర్చున్నాం. నా ఆకులో చారు లేదని నువ్వు చూశావు. చూసి, వడ్డించే అతనితో "ఆ చివరాయనకు చారు వెయ్యప్పా" అన్నావు. ఆ చివరాయన నేనే అక్కా. నాకు పేరు కూడా లేకుండా పోయింది. ఆ చారు ఆకులోనే వదిలేసి లేచాను.

నాయన కర్మ రోజున నువ్వన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "స్టార్ట్ కాని ఆ కారు నా గడప ముందరికొచ్చి నిలబడిన దినం మాట్లాడ్తాలే నీతో" అన్నావు. ఎగతాళికే అన్నావు. అయినా షరతు షరతే కదా. అక్కా, నేను ఆ కారును బయటికి తీస్తున్నాను. నాయన ఫియట్ కారును లేపాక్షికి తెచ్చి నీ గడప ముందు నిలబెడతాను.

ఒక పని పడింది. కారు కాగితాలు ఇంకా నాయన పేరు మీదే ఉన్నాయి. అమ్మ కూడా పోయింది కాబట్టి వారసులం మనిద్దరమే. నా పేరుకు మార్చడానికి నీకు అభ్యంతరం లేదని సంతకం కావాలి. కాగితం ఇందులోనే పెట్టాను. బావకు నమస్కారాలు.

నీ తమ్ముడు,
జయచంద్ర


లేపాక్షి
26 జూలై 2024

జయచంద్రకు వనజాక్షి రాసేది.

మీ బావ చదివి వినిపిస్తానన్నాడు. నాకు కళ్లున్నాయని చెప్పి లాక్కున్నాను. చదివాను. లా చదివే పిల్ల మాట నిజమే, ఉత్తరాలు ఒట్టులో లేవు. అంతమాత్రాన నా కోపం పోయిందని సంబరపడకు.

నేను కోపం పెంచుకున్నది కారు మీద కాదు, అబద్ధం మీద. నాయనకు పక్షవాతం వచ్చి పడిపోతే, షెడ్డులో కారు పెట్టుకుని, బయ్యన్న ట్రాక్టర్‌లో గడ్డి పరిచి తీసుకుపోయావు. ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది. ఎందుకురా ఇట్లా చేశావంటే "కారు స్టార్ట్ కాల్యా అక్కా" అన్నావు. ఒరే, దానికి ముందురోజే నేను నాయనను కూర్చోబెట్టుకుని అదే కారులో ధర్మవరం పోయి, పట్టుచీర కొనుక్కుని సాయంత్రానికి వచ్చాను. దారిలో ఒక్కసారి కూడా దగ్గలేదు. నేను తెల్లవారి మొదటి బస్సుకు లేపాక్షి వచ్చేశాను, మధ్యాహ్నానికి ఫోను. ముందురోజు గుర్రంలా పరుగెత్తిన బండి మరునాటికి ఎందుకు స్టార్ట్ కాదు? ఈ ప్రశ్నకు నువ్వు ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

సంతకం పెట్టను. ముందు కారు కదలనీ, అప్పుడు చూద్దాం. కాగితం బీరువాలో పెట్టాను.

ఊరికే అడుగుతున్నా, డ్యాష్‌బోర్డు మీద నేను అంటించిన నెమలి బొమ్మ ఇంకా ఉందా?

వనజాక్షి


గుట్టకిందపల్లె
18 ఆగస్టు 2024

అక్కా,

నెమలి ఉంది! తోక సగం ఎలుక తినేసింది, తల మాత్రం దర్జాగా ఎత్తే ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. షెడ్డు తలుపు తీస్తే ముందు కారే కనపడలేదు. పైన శెనక్కాయ గోతాలు, లోపల నీ మరదలు సుమిత్ర కోళ్లు. వెనక సీటు మీద ఒక పెట్ట పొదుగుతోంది. లేపబోతే ముక్కుతో పొడిచింది. సుమిత్ర వచ్చి "పిల్లలు లేసేదాకా కారు ముట్టుకోవద్దు" అని కచ్చితంగా చెప్పేసింది. ఆ పెట్ట పుణ్యాన తొమ్మిది రోజులు ఆలస్యం. పదకొండు పిల్లలు.

బత్తలపల్లె నుంచి ఐజాక్‌ను పిలిపించాను. ఈ చుట్టుపక్కల ఫియట్ కారు పని తెలిసిన మనిషి ఆయనొక్కడే మిగిలాడు. డెబ్బై దాటాయి, చెయ్యి మాత్రం వణకదు. రాగానే కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏమప్పా, ఇది కారా కోళ్లగంపా?" అన్నాడు. తర్వాత బానెట్ ఎత్తి, ఇంజన్‌ను అంతా చేత్తో తడిమి చూశాడు. చివరికి, "సావల్యాప్పా. నిద్దర పోతాండాది అంతే" అన్నాడు. నేను చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాను అక్కా. యాభై రెండేళ్లు నాకు.

ప్లగ్గులు తీసి లోపల ఆయిల్ పోసి నాలుగు రోజులు ఉంచాడు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు గోడలకు కొట్టే వార్నిష్ మాదిరి అయిపోయింది. దాన్ని పారబోసి, గులకరాళ్లు వేసి ట్యాంకును ఊపి ఊపి తుప్పు రాల్చాం. టైర్లు నాలుగూ పనికిరావు, కొత్తవి తెచ్చాను.

టైర్లు విప్పడానికి జాకీ ఎత్తినప్పుడు ఒకటి జరిగింది, అది నీకు చెప్పాలి. నాలుగు చక్రాల కిందా ఎండిన నిమ్మకాయలు. వక్కల్లా గట్టిపడిపోయినవి, నల్లబడినవి, ముట్టుకుంటే పొడి అయ్యేవి. ఐజాక్ ఒకటి తీసి చూసి నా మొహం చూశాడు. అక్కా, ప్రతి ఏడూ ఆయుధ పూజకు నేను గోతాలు జరిపి ఆ కారును తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూనే ఉన్నాను. బండి కదిలి వాటిని తొక్కితేనే కదా పూజ పూర్తయ్యేది. ఈ కారు ఒక్కసారీ తొక్కలేదు. పోయినేటివి తీయడానికి మనసొప్పక, వాటి పక్కనే కొత్తవి పెట్టేవాణ్ని. పదకొండేళ్లవి అన్నీ అక్కడే ఉన్నాయి.

ఈ ఏడు ఆయుధ పూజకు తొక్కాలి. అక్టోబరు పదకొండున. ఐజాక్‌తో పందెం కూడా వేశాను.

కారు తాళం చెవి మాత్రం దొరకడం లేదు. ఇల్లంతా వెతికాం. నీ దగ్గర ఇంకొకటి ఉండేది కదా?

నీ తమ్ముడు


లేపాక్షి
30 ఆగస్టు 2024

ఒరే జయచంద్రా,

తాళం చెవి ఇదిగో, గుడ్డలో చుట్టి పెట్టాను. రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను, సంతకం చేసి తీసుకో. పదకొండేళ్లు నా కుంకుమ భరిణెలో ఉంది, అందుకే ఎర్రగా ఉంది. కడగకు.

నిమ్మకాయల సంగతి చదివి మీ బావకు అన్నం పెట్టడం మర్చిపోయాను. అంతకంటే ఎక్కువ ఏమీ రాయను.

ఇంక నా మాట విను. ఐజాక్ గొప్పవాడే కావచ్చు, ఆ కారు కడుపులో ఏముందో నాకు తెలిసినంత ఆయనకు తెలియదు. నాయన బానెట్ ఎత్తినప్పుడల్లా టార్చి పట్టుకున్నది నేను. నువ్వు ఎక్కడ ఉండేవాడివి? టీ కొట్టు దగ్గర పంచాయితీ ఎన్నికలు గెలిపిస్తూ ఉండేవాడివి.

కార్బొరేటర్‌ను విప్పితే సన్న రంధ్రాలను సూదితో పొడవనివ్వకు, పెద్దవైపోతాయి. గాలి కొట్టించాలి. బ్రేకులు వెనకవి ముందు చూసుకోమను, ఎప్పుడూ అవే పట్టేసేవి. స్టీరింగ్ పక్కనున్న గేరు రెండో దానికి వెయ్యాలంటే కొంచెం నీ వైపు లాక్కుని, బతిమాలినట్టు పైకి తోయాలి. బలవంతం చేస్తే పలకదు. హారన్ మోగకపోతే స్టీరింగ్ మధ్యలో అరచేత్తో ఒక్క దెబ్బ.

నిన్న నీకు రాయాల్సిన ఈ గేరు సంగతులు మనసులో అనుకుంటూ కూరగాయలు తెస్తుంటే నా కుడికాలు దానంతట అదే యాక్సిలరేటర్ తొక్కుతోంది. నంది దగ్గర ఫొటోలు తీసుకునే యాత్రికులు నన్ను వింతగా చూశారు. అరవై ఏళ్లకు దగ్గరపడ్డాను, కారు పిచ్చి పట్టించావు కదరా.

ఎప్పుడు స్టార్ట్ చేస్తున్నారు? రోజు చెప్పు. ఆ రోజు వీరభద్రుడికి కొబ్బరికాయ కొట్టిస్తాను. సంతకం సంగతి మాత్రం నేను చెప్పినట్టే, కదిలాకే.

మీ అక్క


గుట్టకిందపల్లె
20 సెప్టెంబరు 2024

అక్కా,

కుంకుమ తాళం చెవి సరిగ్గా పట్టింది. నువ్వు చెప్పినట్టే వెనక బ్రేకులు పట్టేసి ఉన్నాయి. ఐజాక్ "మీ యక్క మెకానిక్కా?" అన్నాడు. మా నాయన అసిస్టెంటు అన్నాను.

బుధవారం ముహూర్తం పెట్టాం. కొత్త బ్యాటరీ, కొత్త ఆయిల్, ఐదు లీటర్ల పెట్రోలు. ఊరు ఊరంతా షెడ్డు ముందు చేరింది. గొర్రెలు తోలుకుపోతున్నవాళ్లు కూడా ఆగారు. అర్చన సెల్‌ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉంది. నేను కూర్చుని తాళం తిప్పాను. సెల్ఫ్ తిరిగింది! పదకొండేళ్ల తర్వాత ఇంజన్ తిరిగింది! అందరూ ఈలలు వేశారు.

తిరిగింది, అంటుకోలేదు. ఇరవై సార్లు తిప్పాను. గిర్రున తిరుగుతుంది, అంటుకోదు. ఐజాక్ చెక్ చేసి, "కాయిలుకు కరెంటే వస్తా ల్యాదప్పా. ఎలకలు యాడో వైరు కొరికినాయి. పైన్నుంచి వైరు లాగితే ఇప్పుడే స్టార్ట్ చేస్తా, గానీ అట్ల చేసిన బండి దావలో నిలబడ్తాది. డ్యాష్‌బోర్డంతా ఊడబీకి చూడల్ల. నెల పడ్తాది" అన్నాడు. నెల అంటే ఆయుధ పూజ దాటిపోతుంది. జనం వెళ్లిపోయారు. నేను మాత్రం సీట్లోంచి లేవలేకపోయాను.

ఎందుకంటే అక్కా, ఆ రోజూ సరిగ్గా ఇదే. అచ్చంగా ఇదే చప్పుడు. తిరిగింది, అంటుకోలేదు. నువ్వు నమ్మలేదు, నేను రెండోసారి చెప్పలేదు.

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు, సుమిత్రకు కూడా. ఆ రోజు నాయనను ముందు సీట్లో నా పక్కనే కూర్చోబెట్టాను. నోరు పడిపోయింది, ఎడమ పక్క చచ్చుబడింది. కుడి చెయ్యి మాత్రం ఆడుతోంది. నేను తాళం తిప్పుతున్నంతసేపూ ఆ చేత్తో మా ఇద్దరి మధ్యలో సీటును కొడుతూనే ఉన్నాడు. సీటు అంచు పట్టుకుని కింద కింద కొడుతున్నాడు. తొందరగా, తొందరగా అంటున్నాడని అనుకున్నాను. "ఉండు నాయనా, ఉండు" అని అరిచాను కూడా. అరిచాను అక్కా, చచ్చిపోయే మనిషి మీద. తర్వాత బయ్యన్న ట్రాక్టర్ వచ్చింది.

నేను చేతకానివాణ్నని కొట్టాడో ఏమో. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనపడుతూ ఉంటుంది. అందుకే కారును షెడ్డులో పెట్టి గోతాలు కప్పాను.

నెలైనా సరే, చేయిస్తాను. నువ్వు నిరాశపడకు.

జయచంద్ర


లేపాక్షి
25 సెప్టెంబరు 2024

జయా,

ఈ ఉత్తరం ఇంట్లో చదవకు. తీసుకెళ్లి కారులో, డ్రైవరు సీట్లో కూర్చుని చదువు. కూర్చున్నావా?

ఐజాక్‌ను డ్యాష్‌బోర్డు ముట్టుకోవద్దని చెప్పు. ఎలుకలు ఏ వైరూ కొరకలేదు.

నీ ఎడమ చెయ్యి సీటు మధ్యలో, ముందు అంచు కిందికి పోనీ. నాయన చెయ్యి కొట్టిన చోటే. బెత్తెడు లోపలికి పోతే ఇనప పట్టీ తగులుతుంది. దాని వెనక, గోరంత బుడిపె ఒకటి ఉంటుంది. తుప్పు పట్టి ఉంటుందేమో, బొటనవేలితో గట్టిగా పైకి నొక్కు. టక్కుమని చప్పుడు రావాలి.

వచ్చిందా?

ఇప్పుడు తాళం తిప్పు. చోక్ సగం లాగు. యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి వదిలెయ్యి. అంటుకుంటుంది. అంటుకున్నాక, ఇంజన్ వేడెక్కి సరిగ్గా ఆడుతున్నాక మాత్రమే కాగితం వెనకవైపు తిప్పు. ఇది మీ అక్క ఆజ్ఞ.

(వెనకవైపు)

అది దొంగ స్విచ్. బండి ఎవరూ ఎత్తుకుపోకుండా నాయన పెట్టించాడు. అది ఆపితే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అంటుకోదు. నాకు డ్రైవింగ్ నేర్పినప్పుడే చూపించాడు. "బండి షెడ్డులో పెట్టినాక ఇది ఆపల్లమ్మా, మర్సిపోవద్దు" అని పదిసార్లు చెప్పాడు. నీకూ చెప్పి ఉంటాడనే అనుకున్నాను. ఇన్నేళ్లూ అట్లాగే అనుకున్నాను. అందుకే నీది అబద్ధమన్నాను.

ఆ ముందురోజు సాయంత్రం ధర్మవరం నుంచి వచ్చి కారు షెడ్డులో పెట్టింది నేను. స్విచ్ ఆపిందీ నేనే. అలవాటు ప్రకారం ఆపి, చీర సంచి తీసుకుని లోపలికి వచ్చాను. నాయన నీకు చూపించాలని కొట్టిన చెయ్యి అది. నీ మీద కోపంతో కాదురా.

కారు స్టార్ట్ కాలేదన్న నీ మాట నిజం. కాకుండా చేసింది నేను. నలుగురిలో నిన్ను తిట్టి, పదకొండేళ్లు మొహం తిప్పుకున్నది కూడా నేనే. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఆ పట్టుచీర బీరువాలో కనపడితే ఒళ్లు మండుతోంది.

సంతకం పెట్టిన కాగితం ఇందులోనే ఉంది. కారు తెస్తావో, తేవో నీ ఇష్టం. ఒట్టు నిలబెట్టుకునే హక్కు ఇప్పుడు నీదే.

వనజ


పోస్టు కార్డు
లేపాక్షి, 8 అక్టోబరు

స్టార్ట్ అయిందా? వెనకవైపు చదివావా? తిట్టడానికైనా సరే ఒక్క ముక్క రాయి. రోజూ పోస్టుమ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడుతున్నాను. వ.


గుట్టకిందపల్లె
13 అక్టోబరు 2024

అక్కా,

స్టార్ట్ అయింది. టక్కుమంది, తాళం తిప్పాను, మొదటి తిప్పుకే అంటుకుంది. నల్లటి పొగ, పిడుగులాంటి చప్పుడు. కోళ్లన్నీ గోడెక్కాయి. సుమిత్ర చేతిలో చేట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఐజాక్ తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

వెనకవైపు చదివాను. నిజం చెప్తున్నాను, కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. తాళం తిప్పి ఆపేద్దామనుకున్నాను, ఆపితే మళ్లీ అంటుకోదేమోనని భయపడి ఆపలేదు. పెట్రోలు అయిపోయేదాకా అట్లాగే కూర్చున్నాను. ఈ రెండు వారాలూ రాయకపోవడానికి కారణం అదే. రాస్తే ఏం రాస్తానో అని భయం.

తర్వాత ఒక సంగతి గుర్తుకొచ్చింది. నీకు తెలియదు, నాయన నీకు చెప్పి ఉండడు. కారు కొన్న కొత్తలో నేను మూడుసార్లు ఆయనకు చెప్పకుండా ఎత్తుకుపోయాను. మూడోసారి స్నేహితులతో బెంగళూరు దాకా పోయి, రెండో రోజు ఒక పక్కంతా గీరించుకుని వచ్చాను. నాయన తిట్టలేదు. ఆ వారంలోనే కారు తీసుకుని అనంతపురం పోయి, ఏదో పని చేయించుకుని వచ్చాడు. అప్పట్నుంచి నేను దొంగచాటుగా తిప్పితే కారు అంటుకునేది కాదు. అడిగితే నాయనే ఎక్కి, స్టార్ట్ చేసి, నవ్వుతూ దిగేవాడు. ఈ కారుకు నాయన చెయ్యి, మా అక్క చెయ్యి తప్ప పడదని నమ్మేశాను. ఆ రోజు కూడా అదే అనుకుని కారును తిట్టాను.

ఆ స్విచ్ పెట్టించింది నా కోసం అక్కా. ఆ దొంగను నేనే. నాయన పెట్టించాడు, పెట్టించేలా నేను చేశాను, నువ్వు చెప్పినట్టు విని ఆపావు. ఇందులో నిన్నొక్కదాన్నే నిలబెట్టి తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఒకటి మాత్రం తేలిక చేశావు. నాయన చెయ్యి నా మీద కోపంతో కొట్టలేదు. పదకొండేళ్లలో మొదటిసారి రాత్రి నిద్రపట్టింది.

శుక్రవారం ఆయుధ పూజ చేశాం. కొత్త నిమ్మకాయలు నాలుగు పెట్టాను. అర్చన ఇటు, ఐజాక్ అటు వంగి చూస్తున్నారు. క్లచ్ వదిలాను. కదిలింది! నాలుగూ చితికాయి, చప్పుడు కూడా వినపడింది. నేను బ్రేకు తొక్కడం మర్చిపోయి గొర్రెల దొడ్డి దాకా పోయాను. కంచె బాగుచేయించాలి.

ఫిట్‌నెస్ అయింది, ఇన్సూరెన్స్ అయింది, పేరు మార్పు కూడా అయింది. ఆ స్విచ్ పీకేద్దామా అని ఐజాక్ అడిగాడు. అక్కను అడిగి చెప్తానన్నాను.

ఆదివారం, ఇరవయ్యో తేదీ పొద్దున బయలుదేరుతున్నాను. ఒట్టు తీర్చుకో.

నీ తమ్ముడు


లేపాక్షి
16 అక్టోబరు 2024

జయచంద్రా,

పోస్టుమ్యాన్ చేతిలోంచి లాక్కుని గేటు దగ్గరే చదివాను. ఏడ్చాను, గొర్రెల దొడ్డి దగ్గరికొచ్చేసరికి నవ్వాను. మీ బావ కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు.

ఆ స్విచ్ పీకొద్దు. నాయన పెట్టించింది, ఉండనీ. సుమిత్రకు, అర్చనకు, ఐజాక్‌కు, ఊళ్లో కారు ఎక్కే ప్రతి మనిషికీ చెయ్యి పట్టుకుని ఎక్కడుందో చూపించు. పక్కన ఎర్ర రంగు పూయించు. ఇంక మన ఇంట్లో దాన్ని ఎవరూ ఆపొద్దు. మా గడప ముందు కారు నిలబెట్టాక నువ్వూ ఆపకు. దొంగలు ఎత్తుకుపోతే పోనీ.

ఆదివారం పొద్దున్నుంచే గేటు దగ్గర ఉంటాను. హిందూపురం వైపు నుంచి వచ్చే మలుపులో హారన్ కొట్టు, అరచేత్తో ఒక్క దెబ్బ. నాకు తెలుస్తుంది. తిరుగు ప్రయాణంలో ఊరి చివరి దాకా నేను నడుపుతాను, ఇప్పుడే చెప్తున్నాను. నువ్వు పక్కన కూర్చుని గేరు గురించి ఒక్క సలహా ఇచ్చినా దింపేస్తాను.

నువ్వొస్తే ఏం మాట్లాడాలో ఇందాకట్నుంచి ఆలోచిస్తున్నాను, ఏమీ తోచడం లేదు. సుమిత్రను, పిల్లను కూడా తీసుకురా. భోజనాలు ఇక్కడే. వడ్డించడానికి ఎవరినీ పెట్టను. జయచంద్రా అని పేరు పెట్టి పిలిచి, నీ ఆకులో చారు నేనే వేస్తాను.

మీ అక్క,
వనజాక్షి